చూరుకి పళ్ళొచ్చిన ఏడు

చలిమెట్ట కాలనీ, రేపల్లె వీధి
చూరు పుస్తకం. రాసేది నాంచారి.

మార్గశిర బహుళ తదియ

నా తరవాత ఈ కర్ర పట్టుకుని చూరు కాపరిగా తిరిగేది ఎవరో నాకు తెలీదు. ఎవరైనా సరే, ముందుగా ఒక మాట. ఏ ఇంటి కప్పు మీద ఎంత మంచు ఉంది, ఎవరి చూరుకి పళ్ళొచ్చాయి, అంతవరకే ఇందులో రాయమని కాలనీ వాళ్ళు చెప్పారు. నాకు అలా రాయడం చేతకాదు. పొద్దస్తమానం మెడ వెనక్కి వాల్చి కప్పులు చూసుకుంటూ తిరిగే మనిషికి ఇంటికొచ్చాక ఎవరితోనైనా నాలుగు మాటలు చెప్పుకోవాలనిపిస్తుంది. మా ఇంట్లో ఉన్నది నేనూ, మా మావగారు భావన్నా. ఆయన మాట్లాడేదే రెండు ముక్కలు, అందులో ఒకటి "ఊఁ". అందుకని మీతో మాట్లాడతాను. ఓపిక ఉంటే చదవండి, లేకపోతే ప్రతి రోజూ చివర్లో ఉన్న లెక్క చూసుకుని పొండి.

రాత్రంతా కురిసి తెల్లారేసరికి మోకాటిలోతు మంచు. పొద్దున్నే లాగుడు పలక తీసుకుని బయల్దేరాను. పొడుగాటి వెదురు చివర అడ్డంగా చెక్క బిగించిన కర్ర ఇది. నేల మీదే నిలబడి కప్పు మీది మంచుని చూరు వైపు నుంచి మెల్లిగా కిందికి లాగాలి. కప్పెక్కకూడదు. ఈ పుస్తకంలో మీరు ఇంకేదీ గుర్తు పెట్టుకోకపోయినా ఇదొక్కటి గుర్తు పెట్టుకోండి.

ఎదురింటి గుర్నాథం గారి చూరుకి అప్పుడే పళ్ళు, అంటే గడ్డ కట్టిన నీటి కోరలు, వేలాడుతున్నాయి. ఒక్కోటీ నా చెయ్యంత. ఆయన ముఖం మాత్రం పండగ నాడు తోరణం కట్టినవాడిలా వెలిగిపోతోంది.

"ఎంత అందంగా ఉన్నాయో చూడు వదినా!"

"అందం తరవాత. అటక తలుపు మూశారా?"

"మూస్తే అటక మీది ఆవకాయ జాడీలు గడ్డ కట్టవూ? కాస్త వెచ్చగా ఉంటుందని తెరిచి పెట్టాను."

తల పట్టుకున్నాను. ఏటా ఇదే పాఠం. ఇంట్లో వేడి అటకలోకి పోతే పెంకులు వెచ్చబడతాయి. పైనున్న మంచు అడుగు నుంచి కరుగుతుంది. ఆ నీళ్ళు జారి జారి చూరు దగ్గరికొస్తాయి. చూరు కింద ఇల్లు లేదు, ఒట్టి గాలే, అక్కడ మళ్ళీ గడ్డ కడతాయి. అలా కట్టగా కట్టగా చూరు పొడుగునా గట్టు లేస్తుంది. తరవాత వచ్చిన నీళ్ళు దాటే దారి లేక గట్టు వెనక నిలిచి, పెంకుల సందుల్లోంచి ఇంట్లోకి దిగుతాయి. పళ్ళు చూసి మురిసిపోతాం గానీ గండం ఆ పళ్ళ వెనకున్న గట్టుది.

"పొయ్యి ఇంకాస్త పెంచితే మొత్తం కరిగిపోదూ?" అన్నాడాయన.

మేమందరం సముద్రం మింగేసిన డెల్టా నుంచి వచ్చినవాళ్ళం. గట్టున్నచోట నీళ్ళుంటాయి, నీళ్ళుంటే మంచిదేగా అనుకునే బుర్రలు మావి. ఎండ తగ్గాలని ఆకాశానికి తెర కడితే ఈ కొండల మీద మంచు పడటం మొదలైంది గానీ మా బుర్రలు ఇంకా కాలవల దగ్గరే ఉన్నాయి. జాడీలు వంటింట్లోకి దింపించి, అటక తలుపు మూయించి, చుట్టూ గుడ్డలు కూరి వచ్చాను.

పళ్ళున్నవి: గుర్నాథం గారి ఇల్లు. తక్కినవి శుభ్రం.

మార్గశిర బహుళ సప్తమి

మా మేదిని పురిటికి వచ్చింది. అల్లుడూ తనూ కనుమ అవతల కాలనీలో ఉంటారు. మంచుబండి దిగుతూ నడుం మీద చెయ్యేసుకుని వీధంతా చూసింది.

"అమ్మా, కప్పులన్నిటికీ తల దువ్వినట్టున్నావే!"

ఆ ఒక్క మాటకి నా భుజాల నొప్పంతా పోయింది. కూతురు మెచ్చుకుంటే పొంగిపోని తల్లి ఉంటే చూపించండి.

లోపలికి రాగానే తాతని పట్టుకుంది. "ఇంతగా చిక్కిపోయావేంటి తాతయ్యా? ఇంట్లో రెండు శాలువాలేంటి?"

"ముసలాణ్ణి కదే," అన్నాడు మావయ్య. దాని తల నిమిరాడు. చెయ్యి చల్లగా ఉందంది అది. నేను పట్టించుకోలేదు, ఆయన చేతులెప్పుడూ అంతే అనుకున్నాను.

ఇంట్లో కాన్పు ఉందని వీధి వాళ్ళు తాంబూలం డబ్బా పంపారు. చలిమెట్టలో తమలపాకు లేదు. వేడి గదుల్లో ఎవరైనా పెంచుకోనిచ్చేది తిండి మొక్కలే. అందుకని ఆకుపచ్చ ప్లాస్టిక్ ఆకులు కొన్ని చేయించుకుని, పెళ్ళికీ పేరంటానికీ వాటినే పళ్ళెంలో పెట్టి, పని కాగానే కడిగి తుడిచి డబ్బాలో పెట్టి పక్కింటికి ఇచ్చేస్తాం. కొన్నిటికి అంచులు చిట్లాయి కూడా.

మావయ్య ఒక ఆకు తీసి వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"బారసాలకి ఇదేనా?"

"ఇంకేముంటుంది మావయ్యా?"

"ఊఁ," అని మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు.

ఆయనది తమలపాకు తోటలు సాగుచేసిన కుటుంబం. ఊరు మునిగినప్పుడు అందరూ బీరువాలు మోసుకొస్తే ఆయన తడి అరటిదొప్పలో చుట్టిన తీగ ముక్క ఒకటి తెచ్చుకున్నాడు. కొన్నాళ్ళు డబ్బాలో పెంచాడు. మా ఆయన పోయిన చలికాలంలోనే అదీ చచ్చిపోయిందన్నాడు. ఆ రోజుల్లో ఏది బతికిందో ఏది చచ్చిందో అడిగే స్థితిలో నేను లేను.

పళ్ళున్నవి: లేవు.

మార్గశిర బహుళ ఏకాదశి

ఇది రాయడానికి చెయ్యి రావడంలేదు. మా ఇంటి చూరుకి పళ్ళొచ్చాయి.

ముందు చూసింది నేను కాదు, గుర్నాథం గారు. గుమ్మంలో నిలబడి నన్ను కేకేసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, "అటక తలుపు మూశారా వదినా?" అన్నాడు. వీధి వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను, లోపల మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఉత్తరం వైపు, మావయ్య గదీ మేదిని గదీ ఉన్న పక్కనే వచ్చాయి. దక్షిణం వైపు చూరు శుభ్రంగా ఉంది. అటక నేల మీద ఊక బస్తాలు కిందటేడు నేనే పరిచాను. తలుపు నేనే బిగించాను. చూరు కింద గాలి ఆడే కంతలు నేనే తెరిపించాను. మా అటకకి ఈ వీధిలో ఏ అటకకీ లేనంత చలి వెయ్యాలి.

తప్పు బాయిలరుదే అయ్యుంటుందనుకుని, ఇళ్ళన్నిటికీ గొట్టాల్లో వేడి పంపే వేడినీళ్ళ కేంద్రానికి వెళ్ళాను. అక్కడ మనిషి లేడు. పాత బాయిలరుండగా గంగులని ఒకడు చూసుకునేవాడు, మావయ్యకి స్నేహితుడు. కార్తీకంలో కొత్తది పెట్టి, దానికి మనిషి అక్కర్లేదని గంగుల్ని కింది వరసకి పంపేశారు. ఇప్పుడు గోడకున్న పెట్టె మాట్లాడుతుంది.

"మా ఇంటికి వేడి ఎక్కువ పంపిస్తున్నావు," అన్నాను.

"మీ ఇంటికి తలసరి కొలత ప్రకారమే అందుతోందమ్మా," అంది పెట్టె, ఎంతో మర్యాదగా.

"మరి పళ్ళెందుకొచ్చాయి?"

"మీ పళ్ళ విషయం దంతవైద్యుల్ని అడగగలరు."

దాన్ని నాలుగు తిట్టి వచ్చేశాను. మర్యాదగా ఉన్నవాళ్ళని తిట్టడంలో సుఖం లేదు.

పళ్ళున్నవి: మా ఇల్లు.

మార్గశిర అమావాస్య

పొద్దున మేదిని గదిలో పైకప్పుకి అరచేయంత తడి మచ్చ. మధ్యాహ్నానికి బొట్టు బొట్టుగా పడటం మొదలైంది. బకెట్ పెట్టాం.

నర్సు జైనబు వచ్చి, మేదినిని చూసి, తరవాత తలెత్తి పైకి చూసింది.

"పిల్ల తల కిందికి దిగిందక్కా. వారం పది రోజుల్లో అయిపోతుంది. కానీ ఈ కప్పు కింద నేను పురుడు పొయ్యను. తడి గదిలో పసిగుడ్డుకి ఊపిరి పట్టేస్తుంది, నేను చూశాను."

"రెండ్రోజులు టైమియ్యి జైనబూ. ఆరబెడతాను."

"ఎల్లుండికి ఆరకపోతే పురిటికి కొండ కిందున్న పెద్ద సావిడికి దింపెయ్యాలి. వేరే దారి లేదు."

కింద సావిడికి ఉన్నది ఒకటే దారి, కొండవాలు మీదుగా. ఇప్పుడది అద్దంలా గడ్డ కట్టి ఉంది. మంచుబండి కూడా ఆ వాలులో దిగదు, నడవాల్సిందే. నిండు నెలల పిల్లని ఆ దారిన ఎలా నడిపించను?

నిచ్చెన వేసి చూరు దాకా ఎక్కాను. గట్టు మందంగా, పారదర్శకంగా, దాని వెనక నీళ్ళు నిలిచి కనబడుతున్నాయి. గునపం తెచ్చి ఒక్క దెబ్బ వేస్తే చాలనిపిస్తుంది. మా ఆయన శేషయ్యకి అలాగే అనిపించింది. ఇక్కడికొచ్చిన మొదటి చలికాలం, ఎవరికీ ఏమీ తెలీదు. కాలవ గట్టుకి గండి కొట్టిన చేతులు కదా, "గండి కొడితే పోయేదానికి ఇంత కంగారెందుకు" అంటూ గునపం భుజాన వేసుకుని కప్పెక్కాడు. గండి పడింది. గట్టూ పెంకులూ ఆయనా కలిసే కిందికొచ్చారు. ఆ ఏడే నేను ఈ కర్ర అడిగి తీసుకున్నాను.

నిచ్చెన మీద నుంచి మెడ సాచి పైకి చూస్తే అప్పుడు కనబడింది. మావయ్య గది మీద, కప్పు నడుముకి పైన, మంచు లేదు. ఎర్రటి పెంకులు తడిగా మెరుస్తున్నాయి. కింద మంట ఉంటే తప్ప అలా కరగదు.

దిగి ఆయన గదిలోకి వెళ్ళాను. గది బయటంత చల్లగా ఉంది. పైపు మీద చెయ్యి పెట్టాను. ఐసు. మనిషి లేడు. మూలనున్న నిచ్చెన అటక తలుపుకి ఆనించి ఉంది.

ఎక్కి తలుపు తోశాను. వెచ్చటి గాలి, తడి మట్టి వాసన ముఖానికి కొట్టాయి. వాసాల వెంట, పెంకుల కిందుగా, ఆ మసక వెలుతురులో తీగ పాకి ఉంది. చివరన లేతాకులు నాలుగైదు. మా పాత చీరల పీలికలతో వాసాలకి కట్టి ఉంది. కింద రేకు తొట్టి. తొట్టి చుట్టూ వంకీలు తిరిగిన వేడినీళ్ళ గొట్టం. దాని పక్కన మావయ్య కూచుని తడిగుడ్డతో ఆకు తుడుస్తున్నాడు.

నోటిదాకా వచ్చాయి మాటలు. ఊక బస్తాలు పక్కకి నెట్టేసి ఉన్నాయి. గాలి కంతల్లో గోనెలు కూరి ఉన్నాయి. నేను చేసిన పనంతా వెనక్కి తిప్పి పెట్టాడు. అరవడానికి నోరు తెరిచాను.

"బూట్లు విడిచి రా అమ్మాయ్," అన్నాడు మెల్లిగా. "తోటలోకి చెప్పులతో రాకూడదు."

బూట్లు విప్పాను. ఎందుకు విప్పానో నన్నడగొద్దు. ఇన్నేళ్ళలో నన్నెవరూ ఏ తోటలోకీ రమ్మనలేదు.

"చచ్చిపోయిందన్నారుగా?"

"గంగులు దగ్గర దాచాను. పాత బాయిలరు వెనక. కొత్తది వచ్చి ఆ గదికి తాళం వేశారు, అందుకని ఇక్కడికి తెచ్చా. నువ్వు వీధిలో ఉన్నప్పుడు."

"మీ గదిలో పైపు కట్టేశారు."

"నా కొలతే దీనికిచ్చాను. మీదేం తియ్యలేదు."

"నాకు ఒక్క మాట చెప్పకూడదా మావయ్యా?"

ఆయన గుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంత పొడుగ్గా ఆయన మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. "చూరు కాపరివి. చెబితే నువ్వు తియ్యమనాలి. తియ్యమంటే నేను తియ్యాలి. ఇద్దరికీ ఎందుకమ్మా ఆ బాధ? మేదిని బిడ్డకి బారసాల నాడు నిజం ఆకు పెట్టి తీసేద్దామనుకున్నా. ఇంట్లో కురుస్తుందని నాకు తెలీదు."

తియ్యండి అనాలి. వీధిలో ఏ ఇంట్లోనైనా ఆ మాట అనేదాన్ని. చలికి నీలంగా కమిలిన ఆయన కాలిగోళ్ళు చూశాక ఆ మాట నా నోట రాలేదు. నిచ్చెన దిగొచ్చాను.

పళ్ళున్నవి: మా ఇల్లు. కారణం తెలిసింది.

పుష్య శుద్ధ విదియ

నిన్నంతా అటక జోలికి పోకుండా చెయ్యగలిగినవన్నీ చేశాను. చూరు నుంచి చెయ్యి అందినంత మేర మంచు లాగేశాను. పాత మేజోళ్ళలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఘాటుప్పు కూరి, గట్టుకి అడ్డంగా, కొస కిందికి వేలాడేలా పడుకోబెట్టాను. ఉప్పు తిన్నంత మేర గట్టులో సన్నటి కాలవ పడింది, నిలిచిన నీళ్ళు ధారగా కారిపోయాయి. మందు బాగానే పనిచేసింది గానీ జబ్బు లోపలుంది. ఇవాళ పొద్దున కాలవలో మళ్ళీ గడ్డ. బకెట్‌లో మళ్ళీ బొట్లు.

మేదినికి నేను అటక సంగతి చెప్పలేదు. అది తన సంచీ సర్దుకుంటోంది. మావయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎక్కడికే?"

"రేపు కింద సావిడికి దింపేస్తారంట తాతయ్యా. నువ్వూ నాతో వస్తావా? అమ్మ ముందు నడిచి దారి చెక్కుతుందిగా. నువ్వు నా చెయ్యి పట్టుకో. నాకు భయంగా ఉంది."

బొట్టు బకెట్‌లో పడింది. మావయ్య బకెట్ వంక చూశాడు, పైకప్పు వంక చూశాడు. మేదిని కడుపు వంక చూశాడు. తిరిగి తన గదిలోకి పోయి నిచ్చెన ఎక్కాడు. నేను వెనకే వెళ్ళాను.

"దించుదాం," అన్నాడు.

తమలపాకు తోటల్లో తీగ దించడం అని ఒక పని ఉంటుందట. తీగ పైదాకా పాకి ఇంక పోవడానికి చోటు లేనప్పుడు కట్లు విప్పి, మెల్లిగా కిందికి దించి, చుట్టగా చుట్టి మొదట్లో పాతిపెడతారు. కొస ఒక్కటే బయట ఉంచితే మళ్ళీ మొదటి నుంచి పాకుతుంది. వెచ్చటి గాలి తిరిగే నెలల్లో చేస్తారు.

"చలిలో దించితే బతుకుతుందా?"

"చలిలో దించినవాడు లేడు."

"మరెలా?"

"ఎలాగో. బిడ్డ ముందు." ఆయన అప్పుడే ఒక కట్టు విప్పేస్తున్నాడు.

ఇద్దరం బూట్లు లేకుండానే పని చేశాం. ఆయన పీలికలు విప్పుతుంటే నేను తీగని రెండు చేతుల మీదా భుజాల మీదా మోస్తూ నిలబడ్డాను. ఎక్కడ కణుపు విరుగుతుందోనని వంగి వంగి చూసుకున్నాను. "నడుం వంచకు, తీగా వంగుతుంది" అని కసిరాడు. జీవితంలో మొదటిసారి మావగారి చేత తిట్టు తిన్నాను, బాగుంది. అటక తలుపు కింద మేదిని బొంత పరుచుకుని చేతులు చాపి నిలబడింది. వద్దంటే వినలేదు. తీగ కొస దాని చేతుల్లోకి దిగగానే "తాతయ్యా, ఇది నిజంగానే ఉందా!" అని ఒకటే నవ్వు, కళ్ళనీళ్ళు.

వంటింట్లో, వేడినీళ్ళ గొట్టం గోడలోంచి వచ్చే మూల, తొట్టి పెట్టాం. తీగని చుట్టి పాతాం. కొస బయటికి.

తరవాత నేను అటకెక్కి నా పని నేను చేశాను. కంతల్లోంచి గోనెలు పీకేశాను. చలిగాలి ఈ చూరు నుంచి ఆ చూరు దాకా ఈలేసుకుంటూ పోయింది. ఊక బస్తాలు మళ్ళీ వరసగా పరిచాను. గొట్టం వంకీ కట్టేసి మావయ్య గది పైపు తిప్పాను. తలుపు బిగించి దిగేసరికి ఆయన ఆ పైపు పక్కన గోడకి ఆనుకుని నిద్రపోతున్నాడు. శాలువా జారిపోయి ఉంది. అదే మొదటిసారి ఈ చలికాలంలో ఆయన వెచ్చగా పడుకోవడం.

పళ్ళున్నవి: మా ఇల్లు. ఇంక పెరగవు.

పుష్య శుద్ధ పంచమి

కప్పు ఆరింది. జైనబు రెండు మూడు రోజులు ఎక్కువే గడువిచ్చి, ఇవాళ వచ్చి పైకప్పుని వేలితో నొక్కి, వాసన చూసి, "పెట్టుకోండి," అంది. మేదిని తన సంచీలోంచి బట్టలన్నీ మళ్ళీ తీసి పెట్టుకుంది.

జైనబు టీ తాగుదామని వంటింట్లోకి రాబోతుంటే మావయ్య అడ్డం నిలబడ్డాడు.

"బూట్లమ్మా."

"మంచు దులుపుకునే వచ్చాను తాతా."

"తోట ఉంది లోపల."

జైనబు తొట్టి వైపు చూసింది. అందులో మట్టీ, మట్టిలోంచి పొడుచుకొచ్చిన పుల్లా తప్ప ఏమీ లేవు. దించిన మర్నాటికే ఆకులు నల్లబడి, నిన్న రాలిపోయాయి. ఆమె నా వంక చూసింది. వంగి బూట్లు విప్పుకుని, చన్నీళ్ళలాంటి నేల మీద మేజోళ్ళతో నడిచి వచ్చి పీట మీద కూచుంది. ఆ పిల్లకి ఆ క్షణం నా ఆస్తంతా రాసిచ్చేద్దామనిపించింది. ఆస్తి అంటే ఈ కర్రే.

మావయ్య మళ్ళీ "ఊఁ"లోకి వెళ్ళిపోయాడు. పూటకోసారి తొట్టి దగ్గర కూచుని మట్టి వేలితో ఒత్తి చూసుకుంటాడు. నేను వెళ్ళి పక్కన కాఫీ గ్లాసు పెట్టి వచ్చేస్తాను.

పళ్ళున్నవి: లేవు. మా ఇంటివి పొద్దున వాటంతటవే రాలాయి. గుర్నాథం గారు చప్పట్లు కొట్టారు.

పుష్య శుద్ధ ద్వాదశి

ఆడపిల్ల. మిట్టమధ్యాహ్నం పుట్టింది. గొంతు ఎవరిదో తెలీదు గానీ కొండ దద్దరిల్లింది. తల్లీ పిల్లా క్షేమం. గది పొడిగా, వెచ్చగా ఉంది. పైన అటక గడ్డ కట్టేంత చల్లగా ఉంది. ఎప్పుడూ ఇలాగే ఉండాలి.

మావయ్య పిల్లని చేతుల్లోకి తీసుకుని, మళ్ళీ మేదిని పక్కన పడుకోబెట్టాడు. తరవాత వంటింట్లోకి వెళ్ళిపోయాడు. వెళ్ళి చూస్తే తొట్టి వైపు వీపు పెట్టి కూచుని ఉన్నాడు.

"పోయిందమ్మాయ్," అన్నాడు. "కొస మెత్తబడింది."

ఇంత సంతోషం రోజున ఆ మాట వినాల్సి వచ్చినందుకు ఏడుపొచ్చింది. ఆయన పక్కన కూచున్నాను. "పారెయ్యొద్దు," అన్నాను. "చోటుకేం కరువు లేదుగా, ఉండనీండి."

చూర్లు చూడలేదు ఇవాళ. రేపు చూస్తాను.

పుష్య బహుళ సప్తమి

పిల్లకి స్నానం నేనే పోస్తున్నాను. ఇంట్లో వెచ్చటి చోటు వంటిల్లే కాబట్టి అక్కడే, తొట్టి పక్కన. కాళ్ళు చాపుకుని కూచుని, పిల్లని కాళ్ళ మీద బోర్లా వేసి, నూనె పట్టించి, సున్నిపిండి రుద్ది, చెంబుతో నీళ్ళు పోస్తుంటే గదంతా ఆవిరి నిండిపోతుంది. గోడలు చెమర్చి కారతాయి. అటకలోకి ఆవిరి పోకుండా ప్రతి సందూ మూసి ఉంచాను కాబట్టి నిశ్చింతగా పోస్తాను. పిల్ల ఏడుపుకి ఎదురింటి గుర్నాథం గారు కిటికీ వేసుకుంటారు.

ఇవాళ పిల్లని తువ్వాల్లో చుడుతూ పక్కకి చూశాను. మెత్తబడిన కొస ఎండి నల్లటి దారంలా ఉంది. దాని కిందికి, మట్టికి ఆనుకుని ఉన్న కణుపు దగ్గర, గోరంత పసుపుపచ్చ ముక్క కనబడింది. సున్నిపిండేమోనని గోటితో గీరబోయి ఆగాను.

"మావయ్యా!"

నా కేకకి ఏమైందోనని పరిగెత్తుకొచ్చాడు. గుమ్మంలోనే చెప్పులు వదిలాడు, ఆ కంగారులో కూడా. మోకాళ్ళ మీద వంగి చూశాడు. చూసి పిల్ల వైపు తిరిగాడు.

"రోజూ నీ స్నానం నీళ్ళ ఆవిరే తాగిందే ఇది," అన్నాడు దాంతో. ఆపైన ఇద్దరికీ నేను కళ్ళు తుడవాల్సి వచ్చింది, ఒకరికి సున్నిపిండికి, ఒకరికి కాదు.

పళ్ళున్నవి: నిజాంపట్నం వీధిలో ఒక ఇల్లు ఉందట. అది నా వీధి కాదు.

మాఘ శుద్ధ విదియ

ఇవాళ బారసాల. అల్లుడు కనుమ దాటి వచ్చాడు. పిల్లకి తరళ అని పేరు పెట్టారు. వీధంతా మా ఇంట్లోనే ఉంది, గుమ్మంలో బూట్లు గుట్టగా పడున్నాయి. ఎవరికీ నేను చెప్పలేదు. జైనబు విప్పింది, వెనక వాళ్ళు విప్పారు.

పళ్ళెంలో పసుపు, కుంకుమ, ప్లాస్టిక్ ఆకులు పెట్టాను. తీగకి ఒకే ఒక్క ఆకు. ఇంకా లేతది, నా అరచేతిలో సగం లేదు. అది పిల్ల ఊయల్లో పెడతాడని మేదిని అనుకుంది, నేనూ అదే అనుకున్నాను. ఇన్నాళ్ళూ దాని కోసమేగా చలిలో పడుకున్నాడు.

అందరికీ తాంబూలం పళ్ళెం తిప్పుతున్నారు. నేను అలవాటుగా వంటింటి గుమ్మం పక్కకి జరిగి నిలబడ్డాను. శేషయ్య పోయాక నాకు తాంబూలం ఎవరూ ఇవ్వలేదు. ప్లాస్టిక్‌దైనా సరే, పళ్ళెం నా ముందు నుంచి పక్కకి పోతుంది. అందులో ఎవరి చెడ్డతనమూ లేదు, పద్ధతి అంతే. నాకు దిగులు లేదని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఉంది.

మావయ్య తొట్టి దగ్గర వంగాడు. ఆకుని తొడిమతో సహా వేలిగోటితో తుంచాడు. పంచెకి తుడిచి, రెండు చేతుల్లో పట్టుకుని, ఊయల దాటి, ఆడవాళ్ళ వరస దాటి నా ముందుకొచ్చాడు.

"పట్టమ్మా."

"నాకా? నాకివ్వకూడదు మావయ్యా."

"మా తోటల్లో మొదటి కోత తోట కాపరికే. యజమానికి కూడా కాదు." అంతమంది ముందు, అందరికీ వినబడేలా అన్నాడు. "చెయ్యి చాపు నాంచారీ. నా కొడుకు ఉంటే వాడే ఇచ్చేవాడు."

గుర్నాథం గారి భార్య బొట్టుపెట్టె మూత పెట్టబోతూ ఆగి, మళ్ళీ తెరిచి, నా వైపు ఒక అడుగు వేసింది. నేను చెయ్యి చాపాను.

సగం ఆయనకిచ్చాను. ఒద్దంటే నోట్లో పెట్టాను. వక్కా లేదు, సున్నమూ లేదు, ఒట్టి ఆకే నమిలాం ఇద్దరం, వంటింటి గుమ్మంలో కూచుని. లేతాకు కదా, ముందు తియ్యగా ఉండి తరవాత నాలిక చురుక్కుమంది. కంతల నిండా గోనెలు కూరిన ఆ అటకలో ఆయన మీద అరవడానికి నోరు తెరిచిన రోజు గుర్తొచ్చింది.

సాయంత్రం డబ్బా కడిగి పక్కింటికి పంపేశాను. తరవాత లాగుడు పలక తీసుకుని వీధి చివరిదాకా ఒకసారి నడిచి వచ్చాను. మంచు మళ్ళీ మొదలైంది, పెద్ద పెద్ద రేకలు. మా ఇంటి కప్పు మీద చూరు నుంచి కొప్పు దాకా తెల్లగా, ఎక్కడా కరగకుండా నిలిచి ఉంది.

పళ్ళున్నవి: లేవు.